విల్లు మారింది, ఒళ్ళు ఇంకా పాత విల్లునే లాగుతోంది

సిరొంచ నుంచి వచ్చి బల్లార్‌పూర్‌లో మేనమామ ఇంట్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది. వయసు 20. మూడేళ్ళుగా కాంపౌండ్ విల్లుతో (కొసలకు చక్రాలుండే విల్లు) ఆర్చరీ సాధన చేస్తోంది. విల్లు ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. 50 మీటర్ల దూరంలో 72 బాణాలకు సగటున 672 వచ్చేది.

నాలుగు వారాల కిందట స్ట్రింగ్ (విల్లు తాడు) నూగు లేస్తోందని నాగపూర్‌లో ఒక షాపుకు పట్టుకెళ్ళింది. కోచ్‌కి చెప్పలేదు, ఆయన అప్పుడు ఊళ్ళో లేరు. షాపులో మెకానిక్ ఆమె చేత మూడు బాణాలు వేయించి చూశాడు. "నీకు డ్రా లెంత్, అంటే తాడు లాగే పొడవు, ఎక్కువైంది, వెనక్కి వాలిపోతున్నావు, తాడు ముంజేతికి కొడుతోంది" అన్నాడు. అది నిజమే, ఆమె ముంజేతి మీద ఎప్పుడూ ఒక నల్లటి మచ్చ ఉంటుందట. సరే చూడండి అంది. రెండు గంటల తర్వాత విల్లు చేతికొచ్చేసరికి డ్రా లెంత్ 27.5 అంగుళాల నుంచి 27కి వచ్చింది. లాగే బరువు 46 పౌండ్ల నుంచి 50కి పెరిగింది. లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక చేతి మీద తగ్గే భారం) 80 శాతం నుంచి 70కి దిగింది. స్ట్రింగ్, కేబుళ్ళు, పీప్ (తాడులో గురి చూసే రంధ్రం), లూప్ (తాడును లాగడానికి కట్టే చిన్న ముడి) కొత్తవి పడ్డాయి. ముందు స్టాబిలైజర్ (విల్లు ఊగకుండా నిలిపే కడ్డీ) కొసకు రెండు బరువు బిళ్ళలు అదనంగా ఎక్కాయి. బిల్లు 21,500 రూపాయలు. కట్టింది మామయ్య.

అప్పటినుంచి స్కోరు 639, 645, 643. భుజం లాగేస్తోంది. పీప్ కొంచెం వంకరగా తిరిగి కనిపిస్తోంది. కోచ్ సర్ మరాఠీ ఆయన, మనసులో కోపం లేదు గానీ మాట కటువు. "నీ ధ్యాస ఇక్కడ లేదు" అంటున్నారు. విల్లు గెలికించానని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. మామయ్య బొగ్గు గనిలో పనిచేస్తారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారని పేపర్లో చదివిన దగ్గర్నుంచి రోజూ రాత్రి డ్యూటీ నుంచి రాగానే స్కోర్ నోట్‌బుక్ అడుగుతారు. ఈ అమ్మాయి ముందు పేజీల్లో 668, 670 అని రాసి చూపిస్తోంది. నిజం లెక్కలు వెనక పేజీల్లో రాసుకుంటోంది. అత్తయ్య మాత్రం ఒకరోజు "మంచిగున్న విల్లును ఎందుకు గెలికిండ్రు?" అందట.

సెలక్షన్‌కు ఏడు వారాలుంది. "మళ్ళీ పాత సెట్టింగ్ చేయించాలా, దీనికే అలవాటు పడాలా, లేకపోతే నాలోనే పస అయిపోయిందా? ఏం చేయాలో సమజైతలేదు" అని ముగించి, వెనక పేజీల్లో ఒకదాన్ని జిరాక్స్ తీయించి జత చేసింది.

తల్లీ, నా మనవరాలి ఈడుదానివి, నువ్వు అనే రాస్తాను.

నీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. పస అయిపోలేదు. నిన్ను ఊరడించడానికి అనడం లేదు, నువ్వు పంపిన జిరాక్స్ చూసి అంటున్నాను. ఆ కాగితంలో పైన పాతరోజు లెక్క ఉంది: మొదటి 36 బాణాలకు 337, రెండో 36కి 335, మొత్తం 672. కింద మొన్నటిది: మొదటి 36కి 331, రెండో 36కి 312, మొత్తం 643. నువ్వు మొత్తం చూసి 29 పోయాయని బెంగపెట్టుకున్నావు. నేను సగాలు చూశాను. మొదటి సగంలో పోయింది 6. రెండో సగంలో పోయింది 23. ధ్యాస లేని మనిషికి, పస అయిపోయిన మనిషికి బాణాలు పొద్దున మొదటి ఎండ్ (ఒక విడతలో వేసే ఆరు బాణాలు) నుంచే చెదిరిపోతాయి. నీవి చెదరడానికి ఒక వేళ ఉంది.

ఇంకా దగ్గరగా చూశాను. రెండో సగంలో ఒక ఎండ్ నువ్వు విడివిడిగా రాశావు: 10, 9, 9, 9, 7, 8. మిగతావీ దాదాపు ఇలాగే ఉన్నాయి. మొదటి నాలుగు బాణాలు నీవే. అయిదోది, ఆరోది ఎవరో వేసినట్టున్నాయి. 50 మీటర్ల దగ్గర పది రింగు అడ్డం 8 సెంటీమీటర్లు, అంటే టీ సాసర్ కన్నా చిన్నది. దాని చుట్టూ నాలుగు బాణాలు పెట్టగలిగిన చెయ్యి అయిదోదానికి విద్య మర్చిపోదు. అలిసిపోతుంది.

ఎందుకు అలిసిపోతోందో లెక్క వేద్దాం, ఇది చిన్న లెక్కే. మీ వైపు గోండు పెద్దల వెదురు విల్లు చూసే ఉంటావు. ఎంత దూరం లాగితే అంత బరువు. పూర్తిగా లాగి పట్టుకోవడమే దానిలో కష్టం, అందుకే వాళ్ళు పట్టుకోరు, లాగి వదిలేస్తారు. కాంపౌండ్ విల్లు పుట్టిందే ఈ కష్టం తీర్చడానికి. అమెరికాలో విల్బర్ ఆలెన్ అనే ఆయన విల్లు కొసలకు చక్రాలు పెట్టి 1969లో పేటెంట్ తీసుకున్నాడు. మధ్యలో బరువు దాటేశాక చక్రం తిరిగి చేతి మీద భారం తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందన్నదే లెట్ ఆఫ్.

నీ పాత విల్లు 46 పౌండ్లు, లెట్ ఆఫ్ 80 శాతం. లాగాక చేతిలో మిగిలేది అయిదో వంతు, 9.2 పౌండ్లు. ఇప్పుడు 50 పౌండ్లు, లెట్ ఆఫ్ 70. మిగిలేది 15 పౌండ్లు. కిలోల్లో చెప్పాలంటే నాలుగు కిలోల పైచిలుకు పట్టుకునేదానివి, ఇప్పుడు ఏడు కిలోలకు కాస్త తక్కువ పట్టుకుంటున్నావు. "నాలుగు పౌండ్లే కదా పెంచింది, అలవాటైపోతుంది" అని మెకానిక్ అన్నాడని రాశావు. లాగే బరువు చూస్తే నూటికి తొమ్మిది కూడా పెరగలేదు, ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ గురి చూస్తూ నిలబడే ఆ ఏడెనిమిది సెకన్లలో నీ వీపు మోసే బరువు నూటికి అరవై పైన పెరిగింది. నీకది ఎవరూ చెప్పలేదు. అయిదో బాణం, ఆరో బాణం చెబుతున్నాయి.

బరువు ఎక్కువైనప్పుడు మనిషి రెండు పనులు చేస్తాడు, రెండూ తెలియకుండానే. ఒకటి, ఎడమ చేత్తో విల్లు పిడిని గట్టిగా పట్టుకుంటాడు. విల్లు మెలి తిరుగుతుంది, బాణాలు కుడీ ఎడమలకు పోతాయి. నీవి అలాగే పోతున్నాయన్నావు. రెండు, వెనక చెయ్యి గోడ వదిలి రవ్వంత ముందుకు జారుతుంది. గోడ అంటే తెలుసు కదా, ఇంక లాగలేం అని క్యామ్ (విల్లు కొసన ఉండే చక్రం) ఆగిపోయే చోటు. జారితే బాణం పైకో కిందకో పోతుంది. నీకు పైకీ కిందకీ పెద్దగా పోవట్లేదు, అది మంచి గుర్తు. లాగడం ఇంకా సరిగానే చేస్తున్నావు, పట్టే బిగిసిపోతోంది.

ఇక్కడ మెకానిక్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. లెట్ ఆఫ్ తగ్గించడం తప్పు పని కాదు. చేతిలో కాస్త బరువు ఉంటే విల్లు గాలికి ఊగకుండా నిలబడుతుంది, రిలీజ్ (తాడును పట్టి వదిలే పనిముట్టు) తెగినప్పుడు చెయ్యి తిన్నగా వెనక్కి పోతుంది. పెద్ద ఆటగాళ్ళలో చాలామంది కావాలనే తక్కువ లెట్ ఆఫ్ పెట్టుకుంటారు. వాళ్ళ వీపు నెలల తరబడి దానికి తయారై ఉంటుంది. నీ వీపుకు ఇచ్చిన గడువు రెండు గంటలు.

ఇక డ్రా లెంత్. ఆయన పట్టుకున్న జబ్బు నిజమైనదే అని నాకు అనిపిస్తోంది. వెనక్కి వాలడం, తాడు ముంజేతికి తగలడం, ఈ రెండూ కలిసి ఉంటే డ్రా లెంత్ పొడవైందనే మొదట అనుమానిస్తాం. అర అంగుళం తగ్గించాక మచ్చ మాయమైందా? ఉత్తరంలో రాయలేదు. ముంజెయ్యి చూసుకో. మచ్చ పోయి ఉంటే ఆ ఒక్క మార్పు నీకు మేలు చేసిందన్నమాట, తొందరపడి దాన్ని తిప్పి పంపకు.

కానీ అర అంగుళమే తగ్గిందా? దీన్ని మాత్రం సరిచూడాలి. పాత లూప్ కన్నా కొత్త లూప్ పొట్టిగా కట్టి ఉంటే, క్యామ్‌లో తగ్గించిన అర అంగుళానికి అది కూడా కలిసి నీ చెయ్యి అంతకన్నా ముందే ఆగిపోతుంది. కాగితం మీద 27, నీ దవడకు 26 ముప్పావు. లూప్ అనేది బెత్తెడు కూడా లేని తాడు ముక్క, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాత స్ట్రింగ్ షాపులో వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నానన్నావు, బతికించావు. దాని లూప్ పక్కన పెట్టి స్కేలుతో కొలువు.

తర్వాత ఈ పరీక్ష చెయ్యి. దిండు (బాణాలు దిగే టార్గెట్ దిమ్మ) దగ్గరికి వెళ్ళు, మూడు నాలుగు మీటర్ల దూరం చాలు, టార్గెట్ కాగితం తీసెయ్. బాణం పెట్టి, దిండుకేసి విల్లు ఎత్తి, లాగు. లాగుతూనే కళ్ళు మూసుకో. చెయ్యి దవడ కింద తన చోటు తాను వెతుక్కోనియ్యి, ముక్కు కొస తాడుకు తగలనియ్యి, మెడ హాయిగా ఉండనియ్యి. అప్పుడు కళ్ళు తెరువు. పీప్ రంధ్రంలోంచి స్కోప్ (విల్లు మీది గురి అద్దం) గుండ్రంగా, నడిమధ్యన కనిపిస్తే పీప్ ఎత్తు సరిపోయింది. పీప్ కోసం తల వంచాల్సి వచ్చినా ఎత్తాల్సి వచ్చినా పీప్ తప్పు చోట ఉంది. పదిసార్లు చెయ్యి. ఏడెనిమిదిసార్లు ఒకే తేడా వస్తే జరపాల్సింది పీప్‌ని, తలను జరపకు. నాలుగు వారాలుగా నువ్వు తలనే జరుపుతున్నావేమో అని నా అనుమానం. ముందటి సగంలో పోయిన ఆ 6 పాయింట్లు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటాయి. ఒకటే జాగ్రత్త: వేలు రిలీజ్ మీద ఉండకూడదు, బాణం లేకుండా ఎప్పుడూ చెయ్యకూడదు. ఖాళీ విల్లు వదిలితే లింబులు (విల్లులో వంగే బద్దలు) పగులుతాయి, కేబుల్ తెగుతుంది, ముఖానికి కూడా తగలొచ్చు.

పీప్ వంకరగా తిరుగుతోందన్నావు. కొత్త స్ట్రింగ్ మొదటి వంద, రెండొందల బాణాల దాకా సాగి కుదురుకుంటుంది. కుదురుకునేటప్పుడు పీప్ తిరగడం మామూలే. నువ్వు నాలుగు వారాల్లో అంతకు ఎన్నో రెట్లు వేసి ఉంటావు, కాబట్టి సాగాల్సింది సాగింది. ఇప్పుడు సరిచేస్తే మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సిన పని రాదు. అయితే స్ట్రింగ్, కేబుళ్ళు సాగినప్పుడు పైన క్యామ్, కింద క్యామ్ ఒకేసారి గోడకు తగలకుండా పోయే అవకాశం ఉంది. ఒకటి ముందు తగిలి ఇంకోటి తర్వాత తగిలితే గోడ మెత్తగా, స్పంజిలా అనిపిస్తుంది. నువ్వు లాగి పట్టుకున్నప్పుడు పక్కన నిలబడి ఎవరైనా రెండు క్యాములూ చూడాలి. తేడా ఉంటే బో ప్రెస్ (విల్లును వంచి పట్టే యంత్రం) ఉన్నచోటే సరిచేయించాలి. ఇంట్లో ప్రయత్నాలు చెయ్యకు. అన్నట్టు, విల్లు రేకుల గదిలో అటక మీద పెడుతున్నానని రాశావు. మీ చంద్రపూర్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద అంతకన్నా ఎక్కువ. స్ట్రింగ్ మైనం కరిగేది అక్కడే. కిందికి దించి మంచం కింద పెట్టు.

బాణాలు మార్చాలా అని కూడా అడిగావు. ఇప్పుడే వద్దు. బరువు పెరిగితే బాణం ఇంకొంచెం బిరుసుగా ఉండాలంటారు, డ్రా లెంత్ తగ్గితే ఆ అవసరం కొంత తగ్గుతుంది. రెండూ జరిగాయి కాబట్టి నీ పాత బాణాలే సరిపోవచ్చు. 18 మీటర్ల దగ్గర ఈకలు లేని బాణం ఒకటి ఈకలున్న వాటితో కలిపి వేసి చూస్తే తెలిసిపోతుంది. అదీ మిగతావన్నీ కుదిరాక.

ఇప్పుడు మీ అత్తయ్య ప్రశ్న. నీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. "ఎందుకు గెలికిండ్రు" అన్నది ఎత్తిపొడుపు అనుకుని నువ్వు నొచ్చుకున్నావు. విల్లు సంగతి తెలిసినవాడు మొదట అడగాల్సింది కూడా అదే: ఏ జబ్బుకు ఏ మందు వేశారు? డ్రా లెంత్‌కు జవాబు ఉంది, వాలిపోతున్నావని. స్ట్రింగ్‌కు ఉంది, నూగు లేచింది. బరువు ఎందుకు పెంచారు? లెట్ ఆఫ్ ఎందుకు దించారు? బిళ్ళలు ఎందుకు ఎక్కించారు? ఈ మూడింటికీ నీ ఉత్తరంలో జవాబు లేదు. విప్పిన చేత్తో అవి కూడా చేసేసినట్టుంది.

నేనూ ఈ తప్పు చేశాను. ఆడే రోజుల్లో ఒక పోటీకి ముందు సాయంత్రం పీప్ ఎత్తు మార్చాను. అది సరిపోయింది. అక్కడితో ఊరుకోలేక స్టాబిలైజర్ కూడా మార్చాను. మర్నాడు పొద్దున బాణాలు ఎడమకు పోతుంటే సైట్ (గురి చూసే అమరిక) జరపాలో, చెయ్యి సరిచెయ్యాలో, బరువు విప్పాలో తెలియలేదు. మూడూ చేశాను. మధ్యాహ్నానికల్లా సామాను సర్దుకున్నాను. నీకు అయిదు మార్పులు ఒక్క పూటలో జరిగాయి, అయినా 643 వేస్తున్నావు. రిలీజ్ కూడా మార్పించకుండా వచ్చావు చూడు, అది అదృష్టం.

సరే, ఏం చెయ్యొచ్చో చూద్దాం. నువ్వు రెండు దారులే రాశావు, పాతదా కొత్తదా అని. మధ్యలో ఇంకోటి ఉంది.

అంతా పాతదానికి తిప్పించుకోవడం నీ మనసు లాగుతున్న దారి, ఉత్తరం చదివితే తెలుస్తోంది. దీనిలో లాభం, మూడేళ్ళుగా ఒంటికి అలవాటైన కొలతలు తిరిగొస్తాయి, ఏడు వారాల్లో 665 పైకి రావడం కష్టం కాదు. నష్టం ఏమిటంటే, పాత కొలతలు నువ్వెక్కడా రాసి పెట్టుకోలేదు. 27.5, 46, 80 అనే మూడు అంకెలు తెలుసు గానీ పీప్ ఎత్తు, నాక్ పాయింట్ (తాడు మీద బాణం తగిలించే చోటు), లూప్ పొడవు పాత స్ట్రింగ్ మీద కొలిచి ఊహించాలి. మళ్ళీ నాగపూర్ వెళ్ళాలి, మళ్ళీ డబ్బు. వాలడం, తాడు తగలడం తిరిగొస్తాయి. సెలక్షన్ అయ్యాక ఎలాగూ డ్రా లెంత్ తగ్గించాల్సిందే, అప్పుడు ఇదంతా మళ్ళీ మొదలు.

ఉన్నదున్నట్టు పట్టుకుని అలవాటు పడడం రెండోది. ఒళ్ళు అలవాటు పడుతుంది, అనుమానం లేదు. ఆ 15 పౌండ్లను 72 సార్లు హాయిగా పట్టుకునే వీపు రావడానికి ఆరు వారాలు పట్టొచ్చు, ఎనిమిది పట్టొచ్చు, ఎవరూ తేదీ చెప్పలేరు. అన్నాళ్ళూ స్కోరు ఇలాగే ఉంటుంది, సెలక్షన్ రోజు కూడా. ఈ సెలక్షన్ పోయినా పర్లేదు, వచ్చే ఏడాదికి చూసుకుంటాను అనుకోగలిగితే ఇది చెడ్డ దారేమీ కాదు. కానీ భుజం లాగేస్తోందన్నావు. ఎక్కడ? వీపు వైపు, రెక్క ఎముక దగ్గర అయితే కండ పనిచేసిన నొప్పి. భుజం ముందు వైపు, చెయ్యి ఎత్తినప్పుడు పొడిచినట్టుంటే ఈ దారి ఈరోజే మానెయ్యి, వెళ్ళి డాక్టర్‌కి చూపించు.

మూడోది, పనికొచ్చిన మార్పు ఉంచుకుని, అడగకుండా వచ్చినవి దించెయ్యడం. డ్రా లెంత్ 27 అలాగే ఉంచు. స్టాబిలైజర్ బిళ్ళలు రెండూ ఇవాళే విప్పెయ్, దానికి షాపు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. బరువు మళ్ళీ 46కి దించడానికి లింబ్ బోల్టులు ఒదులు చెయ్యాలి. చాలా విల్లులకు ఒక పూర్తి చుట్టుకు రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. పైదీ కిందదీ సమానంగా, చుట్టులో పావు వంతు చొప్పున మార్చి మార్చి తిప్పాలి. ఎన్ని చుట్లకు మించి విప్పకూడదో విల్లు కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అది దాటితే విల్లు చేతిలోనే ఊడొచ్చు. ఇది మీ సర్ ఎదురుగా జరగాలి. అప్పుడు లెట్ ఆఫ్ 70 ఉన్నా చేతిలో మిగిలేది 13.8 పౌండ్లు. నీ క్యామ్ మాడ్యూల్‌లో (లెట్ ఆఫ్ మార్చే ముక్క) 75 శాతానికి కూడా చోటు ఉంటే 11.5కి వస్తుంది. 9.2కీ 15కీ మధ్యన అది ఒక మెట్టు. ఆరు నెలల్లో ఒక్కో పౌండ్ పెంచుకుంటూ పోవచ్చు. నష్టమా? సైట్ మార్కులు మళ్ళీ కొట్టుకోవాలి, బాణం కాస్త కిందికి పడుతుంది. మొదటి రెండు వారాలు స్కోరు రాయడానికి ఉండదు. మామయ్యకు చూపించడానికి అంకె ఉండదు.

నేనైతే మూడోదే ఎంచుకుంటాను. అయినా వీపు నీది, సెలక్షన్ నీది. ఈ ఏడాదే సెలక్షన్ కావాలి అన్న పట్టుదల ఎంత ఉందన్నదాని మీద ఇది ఆధారపడుతుంది, ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా సూటిగా లేదు. మామయ్య కోరిక ఉంది, సర్ కోరిక ఉంది.

ఏ దారి పట్టినా మొదటి రెండు వారాలు మాత్రం ఒకేలా గడుస్తాయి. 50 మీటర్ల గీత దగ్గరికి పోవద్దు. దిండు ముందు అయిదు మీటర్లలో, కాగితం లేకుండా, రోజుకు 60 బాణాలు, మూడు మూడుగా. 10 పడిందా 7 పడిందా అని చూసే కన్ను ఉన్నంతసేపు ఒళ్ళు కొత్త విల్లును నేర్చుకోదు, పాత విల్లు చేసే పనిని కొత్తదాని చేత చేయించాలని చూస్తుంది. మూడో వారం 20, 30 మీటర్లు. నాలుగో వారానికి 50. అప్పటికీ అయిదో, ఆరో బాణాలు చెదిరితే నా లెక్క తప్పు, మళ్ళీ రాయి.

ఈ మధ్యలో ఎవరి వీడియోలూ చూసి పోల్చుకోకు. నాగపూర్ కుర్రాడు ఓజస్ దేవ్‌తళే 2023 బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో 150కి 150 వేశాడు. అదే పోటీలో సతారా అమ్మాయి అదితి స్వామి 17 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయింది. మీ మామయ్య ఆ పేర్లు చెప్పినప్పుడల్లా నీకు గుండె దడ అని రాశావు. వాళ్ళ విల్లు ఎన్ని పౌండ్లో, ఎంత లెట్ ఆఫో నీకు అక్కర్లేదు. వాళ్ళ కొలతలు వాళ్ళ దవడకు, వాళ్ళ వీపుకు సరిపోయినవి.

ఇక మనుషుల సంగతి. విల్లు కన్నా నిన్ను ఎక్కువ తినేస్తున్నది ఇదే.

సర్‌కి చెప్పాలి. చెప్పకపోతే పైన రాసిన పనుల్లో సగం జరగవు, క్యాములు చూసే కన్ను ఆయనదే. చెబితే రెండు మాటలు అంటారు, అడక్కుండా ఎందుకెళ్ళావని. ఆ మాట అనే హక్కు ఆయనకుంది, అననివ్వు. ఆయన నీ ధ్యాసను తప్పు పట్టడానికి కారణం కూడా ఆలోచించు. ఆయన దృష్టిలో విల్లు మారలేదు. విల్లు అదే, అమ్మాయి అదే, స్కోరు మాత్రం 30 తగ్గింది. ఇంక ఆయన మాత్రం ఏమనుకుంటారు? క్షమాపణతో మొదలుపెట్టకు, కాగితంతో మొదలుపెట్టు. అయిదు మార్పులూ పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన రాసి, కింద నీ 331, 312 రాసి ఆయన చేతిలో పెట్టు. మరాఠీలో మాట తడబడుతుందన్నావు కదా, అంకెలకు ఆ బాధ లేదు.

మామయ్యతో కష్టం. 21,500 ఇచ్చిన మనిషికి స్కోరు పడిపోయిందని చెప్పడానికి నోరు రాదు, నాకు తెలుసు. కానీ ముందు పేజీల్లో 670 రాసుకుంటూ పోతే సెలక్షన్ రోజు బోర్డు మీద 643 పడినప్పుడు ఆయనకు విల్లు సంగతి అక్కర్లేదు, నువ్వు రెండు నెలలు ఏం రాశావన్నదే గుర్తుంటుంది. ఇప్పుడే చెబితే ఒక రాత్రి ఇల్లు మౌనంగా ఉంటుంది. గనిలో పనిచేసేవాడికి ఇది అర్థం కాకపోదు. కొత్త మెషిన్ వచ్చిన మొదటి నెలలో ఎవరికి చెయ్యి కుదురుతుంది? ఆ మాటే ఆయన్ని అడుగు. డబ్బు వృథా అయిందని కూడా అనకు, కాలేదు. స్ట్రింగ్, కేబుళ్ళు ఎలాగూ మార్చాల్సినవే, డ్రా లెంత్ సరైంది. ఆయనకు ఒక పని కూడా అప్పజెప్పొచ్చు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ తూచే కొక్కెం తరాజు ఉందన్నావు. విల్లు లాగే బరువు దాంతోనే తూచవచ్చు: 46 పౌండ్లంటే 20.9 కిలోలు, 50 అంటే 22.7. సర్ దగ్గరుండగా, కొక్కెం లూప్‌లో గట్టిగా పడిందని రెండుసార్లు చూసుకుని మామయ్య నెమ్మదిగా లాగి, అంతే నెమ్మదిగా వెనక్కి రానిస్తే, అత్యధికంగా ఎంత చూపించింది, గోడ దగ్గర ఎంతకు దిగింది, రెండూ తెలుస్తాయి. షాపువాడు చెప్పిన 50, 70 నిజంగా 50, 70యేనా అన్నది ఇప్పటిదాకా ఎవరూ తూచలేదు మరి.

ముందు పేజీలు చింపెయ్యకు. వాటి మీద అడ్డగీత గీసి, వెనక పేజీల లెక్కలు ముందుకు ఎక్కించు. తర్వాతి పేజీలో ఇవాళ్టి తేదీ వేసి విల్లు కొలతలన్నీ రాయి: యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి యాక్సిల్‌కు ఎంత, పిడి నుంచి తాడుకు ఎంత, పీప్ నుంచి నాక్ పాయింట్‌కు ఎంత, లూప్ ఎంత. క్యామ్ లింబ్‌ను దాటే చోట తెల్ల మార్కర్‌తో సన్నని గీత గీసి ఫోన్‌లో ఫొటో తీసుకో. ఏదీ విప్పకముందే ఇది జరగాలి.

ఆదివారం పొద్దున సర్ గ్రౌండ్‌లో ఒక్కరే ఉంటారని రాశావు. ఈ ఆదివారమే వెళ్ళు. ఏడు వారాల్లో ఒకటి ఈ ఉత్తరాల రాకపోకల్లోనే అయిపోయి ఉంటుంది.